తవ్వకం నోట్లు ఎక్కడున్నాయి: విశాఖ ఫీల్డ్ రికార్డుల ఆన్‌లైన్ సూచిక, ప్రాజెక్టు డైరీ

మొదటి వారం: ఒక వరుస అంటే ఏమిటి

విశాఖ చుట్టుపక్కల పురావస్తు తవ్వకాల నోట్‌బుక్కులు, డ్రాయింగులు, ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పే ఆన్‌లైన్ సూచిక తయారుచేస్తున్నాం. సూచిక అనగానే ముందు తట్టేది స్థలాల జాబితా. బౌద్ధ స్థలాలైన తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, బొజ్జన్నకొండ, లింగాలకొండ... ఒక్కో చోటికి ఒక్కో వరుస. మేమూ అలాగే మొదలుపెట్టి మూడో రోజుకే ఆపేశాం. తొట్లకొండ అన్న ఒక్క వరుసలో ఏం రాస్తాం? 1988 నుంచి 1993 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. సీజను మారితే ట్రెంచ్‌లు (కొలిచి తవ్వే గుంటలు) మారతాయి, నోట్‌బుక్కులు, ఫొటో రిజిస్టర్లు మారతాయి. ఆ తర్వాత పరిరక్షణ పనులు. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కొంత కూలింది. అలాంటప్పుడు పునరుద్ధరించేవాళ్లకు కావలసింది ‘తొట్లకొండ గురించి’ కాదు. ఏ వరస ఇటుకలు తవ్వకంలో బయటపడ్డవి, ఏవి తర్వాత పేర్చినవి అన్నది ఏ సంవత్సరపు ఏ డ్రాయింగులో ఉందో వాళ్లకు తెలియాలి. స్థలాల జాబితా దానికి జవాబు చెప్పలేదు.

అందుకని మా సూచికలో వరుస అంటే స్థలం కాదు, ఒక విడత పని. ఎవరో, ఒక కాలంలో, ఒక చోట, ఒక పద్ధతిలో చేసిన పని. ఉపరితల పరిశీలన ఒక విడత, ట్రయల్ ట్రెంచ్ (ముందు పరీక్షగా తవ్వే చిన్న గుంట) ఒక విడత, తవ్వకంలో ప్రతి సీజనూ ఒక విడత. పట్టికలు మూడు: స్థలం, విడత, రికార్డు కట్ట. ఒక స్థలానికి ఎన్ని విడతలైనా ఉండొచ్చు, ఒక విడతకు ఎన్ని కట్టలైనా ఉండొచ్చు. ఒకే కట్టలో రెండు విడతల కాగితాలు కలిసిపోవడం కూడా మామూలే. కాబట్టి విడతకూ కట్టకూ మధ్య జోడింపు పట్టిక ఒకటి పెట్టాం. దాన్ని మొదట్లోనే పెట్టుకోకపోతే తర్వాత అన్నీ విప్పి మళ్లీ కుట్టాల్సి వస్తుంది.

ఈ ఆలోచన మేం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ఓయాసిస్ అనే ఆన్‌లైన్ సూచిక ఇలాగే నడుస్తోంది. అక్కడ ఫీల్డ్ పని చేసినవాళ్లు తమ పనిని తామే ఫారంలో నమోదు చేసి నివేదిక జతపెడతారు. మన దగ్గర దానికి దగ్గరి బంధువు కేంద్ర పురావస్తు సర్వే 1953-54 నుంచి వేస్తూ వచ్చిన వార్షిక సమీక్ష. ఏ జిల్లాలో ఆ ఏడాది ఏ పని జరిగిందో నాలుగైదు వాక్యాల్లో చెబుతుంది. విడత పట్టికలో మా తొలి వరుసలు అందులోంచే వచ్చాయి. అయితే ఆ నాలుగు వాక్యాల వెనకున్న నోట్‌బుక్కు ఇప్పుడు ఏ బీరువాలో ఉందన్నది ఆ పుస్తకం చెప్పదు. మా పని అక్కడ మొదలవుతుంది.

నంబర్ల విషయంలో ఒక నిర్ణయం. విడత నంబరులో జిల్లా పేరు, సంవత్సరం, స్థలం పొట్టిపేరు ఏవీ ఇరికించలేదు. వట్టి వరుస సంఖ్య, చివర నంబరు తప్పుగా కొడితే పట్టించే ఒక తనిఖీ అంకె. కారణం కళ్లముందే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక శంకరం గ్రామం, అంటే బొజ్జన్నకొండ, అనకాపల్లి జిల్లాకు వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడకముందు కాగితాల్లో ‘విశాఖ జిల్లా’ అంటే ఇంకా పెద్దది. నంబరులో జిల్లా ఉంటే నంబరే అబద్ధం చెబుతుంది. జిల్లాను వేరే గడిలో రెండుసార్లు రాస్తున్నాం: కాగితంలో ఉన్న జిల్లా, నేటి జిల్లా.

రెండో వారం: పెట్టె విప్పడం

ట్రయల్‌కు తీసుకున్నది ఒక ట్రంకు పెట్టె. భీమిలి తీరం, గోస్తనీ నది వెంట చాలా ఏళ్ల కిందట చేసిన ఉపరితల పరిశీలనలు, ఒక చిన్న ట్రయల్ ట్రెంచ్ తాలూకు కాగితాలు. లోపల 11 నోట్‌బుక్కులు, 43 గ్రాఫ్ షీట్లు, 6 ట్రేసింగులు, నెగెటివ్ కవర్లు, ఒక వస్తువుల రిజిస్టరు.

విప్పగానే చేయాల్సిన మొదటి పని ఏదీ సర్దకపోవడం. ఏ కాగితం ఏ కాగితం మీద ఉందో అదీ ఒక ఆధారమే. తేదీ లేని గ్రాఫ్ షీటు రెండు తేదీలున్న షీట్ల మధ్య దొరికితే అది ఏ నాటిదో ఉజ్జాయింపుగా తేలుతుంది. పై నుంచి కిందికి ఒక్కో పొరా ఫొటో తీసి, పెన్సిలుతో వెనక మూల చిన్న నంబరు వేసి, ఆ తర్వాతే బయటికి తీశాం. బాల్ పెన్ను వద్దు, స్టిక్కర్లు అసలే వద్దు. విశాఖ గాలిలో స్టిక్కరు జిగురు రెండు వర్షాకాలాల్లో కాగితంలోకి ఇంకిపోతుంది.

గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి. లాగితే చిరుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య సన్నటి పాలిస్టర్ ముక్క దూర్చి, అవతలి వైపు నుంచి నెమ్మదిగా వెనక్కి తోయాలి. జెమ్ క్లిప్పులు కూడా తీసేశాం, వాటి చోట ఏమీ పెట్టలేదు. ఆమ్లం లేని కాగితంతో చేసిన ఫోల్డరు చాలు.

నెగెటివ్ కవరు ఒకటి తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన వచ్చింది. అసిటేట్ ఫిల్ము కుళ్లుతోందన్న మాట. ఆ ఆమ్లం పక్క ఫిల్ములకూ అంటుతుంది. అవి వెంటనే వేరే పెట్టెలోకి వెళ్లాయి, స్కానింగ్ వరసలో ముందుకు వచ్చాయి. ఇలాంటివి కనిపిస్తే ‘తర్వాత చూద్దాం’ అనకండి. ఫిల్ము ముడుచుకుపోయాక ఏ స్కానరూ చదవలేదు.

పురుగు తిన్న నోట్‌బుక్కుల మీద మందు కొట్టలేదు. కాగితాన్ని పాలిథిన్ సంచిలో బిగించి, గాలి తీసి, ఫ్రీజరులో మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం వారం ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి. తొందరపడి విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీరుగా కడుతుంది, సిరా పాకిపోతుంది.

మూడో వారం: స్కానింగ్

కాగితాల్ని తనంతట తానే లాక్కునే ఫీడరు ఉన్న స్కానరు దీనికి పనికిరాదు. అంచులు పెళుసుబారిన షీటు ఒక్కటి ఇరుక్కుంటే అంతే. నోట్‌బుక్కులకు ఫ్లాట్‌బెడ్, పెద్ద షీట్లకు నిలువు స్టాండు మీద కెమెరా.

నోట్‌బుక్కు పేజీకి 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగులో. ఏ4 పేజీ కుదించని టిఫ్‌లో సుమారు 46 ఎంబీ వస్తుంది. రెండు వందల పేజీల నోట్‌బుక్కు అంటే తొమ్మిది జీబీ దాటుతుంది. చోటు కోసం గ్రేస్కేల్ (నలుపు-తెలుపు ఛాయలు) చేద్దామన్న మాట వచ్చింది, ఒప్పుకోలేదు. ఫీల్డులో ఎర్ర పెన్సిలుతో దిద్దినవి, నీలం సిరాతో తర్వాత చేర్చినవి వేరువేరుగా కనబడేది రంగులోనే. ఎవరు ముందు రాశారు, ఎవరు తర్వాత సవరించారు అన్నదానికి ఒక్కోసారి సిరా రంగే సాక్ష్యం.

గ్రాఫ్ షీట్లకు రంగు ఇంకా అవసరం. నారింజ గీతల గ్రాఫ్ మీద పెన్సిలుతో సెక్షను (ట్రెంచ్ గోడలో పొరల బొమ్మ) గీస్తే, రంగు స్కానులోంచి ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకోండి. నారింజ గడులు దాదాపు మాయమై పెన్సిలు గీత నిలుస్తుంది. గ్రేస్కేల్‌లో తీసుంటే ఈ అవకాశం పోతుంది.

ఏ3 షీటును 24 మెగాపిక్సెల్ కెమెరాతో నిండుగా తీస్తే సుమారు 340 డీపీఐ వస్తుంది. 1:20 స్కేలు డ్రాయింగులో ఒక పిక్సెల్ అంటే నేల మీద ఒకటిన్నర మిల్లీమీటరు. పెన్సిలు గీత మందమే దానికి మూడు నాలుగు రెట్లు. అంతకు మించి డీపీఐ పెంచడం డిస్కు నింపుకోవడమే.

ఇక్కడే ఒక పొరపాటు బయటపడింది. గ్రాఫ్ షీటు పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫొటో తీసి, దాంతోనే కొలత సరిచూశాం. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పరిస్తే ట్రెంచ్ గోడ కలవలేదు. తప్పు కెమెరాది కాదు. కాగితం తేమకు సాగుతుంది, నిలువుగా కన్నా అడ్డంగా ఎక్కువ. 250 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్రాఫ్ గడులు ఒక దిశలో 251 దాటాయి. డ్రాయింగు గీసినప్పుడు సరిగానే ఉంది, తర్వాత కాగితం పెరిగింది. కాబట్టి కొలతకు ఆధారం స్కేలు కాదు, అచ్చయిన గ్రాఫ్ గడులే. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరులో జియోరిఫరెన్స్ చేసేటప్పుడు, అంటే డ్రాయింగును అసలు కొలతలకు కట్టేటప్పుడు, నాలుగు మూలలతో పాటు మధ్యలో కూడా గడుల కూడళ్లు పట్టుకుని, అడ్డానికీ నిలువుకూ వేరువేరు స్కేలు వేయగల మొదటి డిగ్రీ పాలినామియల్ పద్ధతి ఎంచుకోండి. హెల్మర్ట్ ఎంచుకుంటే రెండు దిశలకూ ఒకే స్కేలు వేస్తుంది, అడ్డంగా సాగిన సాగుదల అలాగే ఉండిపోతుంది.

నాలుగో వారం: ఒక పేజీ, మూడు అంకెలు

ట్రయల్ ట్రెంచ్ నోట్‌బుక్కులో ఒక పేజీ దగ్గర దాదాపు రెండు రోజులు ఆగాం. పై మూల ట్రెంచ్ పేరు, తేదీ. కింద గుండ్రటి గీతలో 3 అని పొర నంబరు. ‘ఎర్ర బంకమన్ను, ఇటుక ముక్కలు, నలుపు-ఎరుపు పెంకులు.’ దాని కింద ‘పూస 1’, పక్కన మూడు అంకెలు: 2.10 × 0.85 × 0.62.

మన దేశంలో తవ్వకాల్లో ఈ మూడంకెల పద్ధతి కేంద్ర పురావస్తు సర్వే అధిపతిగా పనిచేసిన మార్టిమర్ వీలర్ హయాం నుంచి పాతుకుపోయింది. 1944లో తక్షశిలలో పెట్టిన శిక్షణ శిబిరంతో చతురస్రాల గడులు, వాటి మూలల్లో పెగ్గులు (పాతిన మేకులు), పొరలకు గుండ్రటి నంబర్లు మన ఫీల్డు అలవాటయ్యాయి. మొదటి అంకె పెగ్గు నుంచి ట్రెంచ్ అంచు వెంబడి దూరం, రెండోది అంచు నుంచి లోపలికి, మూడోది లోతు.

లోతు, సరే. ఎక్కడి నుంచి? పెగ్గు తల నుంచా, నేల నుంచా, స్థలమంతటికీ పెట్టుకున్న ఒక స్థిర బిందువు నుంచా? ఈ నోట్‌బుక్కులో ఎక్కడా రాయలేదు. రాసినవాళ్లకు అది తెలిసిన సంగతే కాబట్టి రాయలేదు. పెగ్గు ఎత్తు ఎంతన్నది లెవెల్ పుస్తకంలో, అంటే కొలిచిన ఎత్తులు రాసుకునే నోట్‌బుక్కులో, ఉంటుంది. లెవెల్ పుస్తకం ఈ పెట్టెలో లేదు. అది లేకపోతే 0.62 అన్న అంకె ఈ ట్రెంచ్ లోపల మాత్రమే చెల్లుతుంది. పక్క ట్రెంచ్‌లోని పొరతో పోల్చడానికి పనికిరాదు.

ఈ ఒక్క పేజీ మా ఫారాన్ని మార్చేసింది. ప్రతి రికార్డు కట్టకూ ‘దీనితో కలిపి చదవాల్సినవి’ అన్న గడి కొత్తగా చేరింది. నోట్‌బుక్కుకు లెవెల్ పుస్తకం, వస్తువుల రిజిస్టరుకు ట్రెంచ్ నోట్‌బుక్కు, నెగెటివ్‌కు ఫొటో రిజిస్టరు. జతలో ఒకటి లేకపోతే ‘జత దొరకలేదు’ అని గుర్తు. చదవబోయేవాళ్లకు ఆ గుర్తు కావాలి, లేకపోతే ఆ 0.62ను నమ్మి ఎవరైనా కాలనిర్ణయం దాకా వెళ్లిపోగలరు.

నోట్‌బుక్కుల్ని పూర్తిగా టైపు చేయడం లేదు. చేతిరాతను టెస్సరాక్ట్ లాంటి, బొమ్మలోని అచ్చు అక్షరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్లు చదవలేవు, మనుషులు కూర్చుంటే నెలలు పడుతుంది. సూచికకు కావలసింది అందులో ఏముందన్న కబురు: ఏ ట్రెంచ్‌లు, ఏ పొరలు, ఏ తేదీ నుంచి ఏ తేదీకి, ఎన్ని పేజీలు, ఎన్ని స్కెచ్‌లు, ఏ భాష. అలవాటయ్యాక నోట్‌బుక్కుకు పది పన్నెండు నిమిషాలు సరిపోతోంది.

ఎక్సెల్‌లో నమోదు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పొరల గడిలో 3-4 అని కొడితే అది తేదీగా మారిపోతుంది. సేవ్ చేశాక వెనక్కి రాదు. గడుల్ని ముందే ‘టెక్స్ట్’ అని మార్చుకోవాలి, లేదా ‘3, 4’ అని రాయాలి. సీజను విషయమూ అంతే. ‘1988-89’ అంటే రెండేళ్ల పని కాదు, వానలు వెనకబట్టాక మొదలై ఎండాకాలానికి ముగిసే ఒక్క సీజను. దాన్ని 1988 మొదలు, 1989 ముగింపు అని రెండు గడుల్లోకి విరిచి, నెలలు తెలిస్తేనే నెలలు రాస్తున్నాం. తెలియని నెలను జనవరి అని నింపకూడదు.

ఐదు, ఆరు వారాలు: సముద్రంలో పడ్డ చుక్కలు

నోట్‌బుక్కుల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాలను మ్యాపు మీద వేయగానే తీరం వెంట ఉన్న కొన్ని చుక్కలు నీళ్లలో పడ్డాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర, మంగమారిపేట పక్కన సేకరించిన చిన్న రాతి పనిముట్ల చోట్లు అవి.

కారణం డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల్ని భూమి ఆకారపు ఏ నమూనా మీద లెక్కించారన్నది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (వివరమైన భూపటాలు) ఎవరెస్ట్ గోళాభాసం అనే పాత నమూనా మీద గీసినవి. నేటి జీపీఎస్, వెబ్ మ్యాపులు డబ్ల్యూజీఎస్84 అనే వేరే నమూనా మీద నడుస్తాయి. పాత షీటులో చదివిన అంకెల్ని మార్చకుండా నేటి మ్యాపు మీద వేస్తే మన ప్రాంతంలో చుక్క తూర్పు ఆగ్నేయంగా రెండు వందల మీటర్లకు పైగా జరుగుతుంది. విశాఖ తీరంలో తూర్పు ఆగ్నేయం అంటే సముద్రమే. లోపలి ఊళ్లలో అయితే ఆ చుక్క పక్క పొలంలో పడేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. తీరం ఉండబట్టి దొరికింది.

సరిచేయడం కష్టం కాదు, తప్పు డేటమ్ ఎంచుకోవడం మాత్రం తేలిక. క్యూజీఐఎస్ జాబితాలో ‘ఇండియన్ 1975’ అని ఒకటి కనబడుతుంది. పేరు చూసి పట్టుకోకండి, అది థాయ్‌లాండ్‌కు సంబంధించింది. మనకు కావలసింది ‘కల్యాణ్‌పూర్’ పేరుతో ఉన్నవి. 4146 అన్న కోడు కల్యాణ్‌పూర్ 1975ది. మార్చాక ఊళ్ల కూడళ్లు, గుళ్లు, పాత వంతెనలు ఒక అయిదారు చోట్ల సరిపోతున్నాయో లేదో చూసుకున్నాం. చివరి నిల్వ డబ్ల్యూజీఎస్84లోనే. కొలతలు అవసరమైనప్పుడు మీటర్లలో లెక్కించే యూటీఎం 44 ఉత్తర మండలం, కోడు 32644.

తర్వాత కచ్చితత్వం. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో చాలా భాగం 65 ఓ/5 నంబరు టోపోషీటులో వస్తుంది, శంకరం వైపు 65 ఓ/2. అంగుళానికి మైలు షీటు మీద ఒక మిల్లీమీటరు పెన్సిలు చుక్క నేల మీద 63 మీటర్లు. 1:50,000 షీటు మీద 50 మీటర్లు. అంటే డేటమ్ సరిచేసినా ఆ చుక్క ‘ఇక్కడే’ అని చెప్పలేదు, ‘ఈ చుట్టుపక్కల’ అంటుంది. 2000 మే నెలకు ముందు చేతి జీపీఎస్‌తో తీసిన అంకెలకూ ఇదే వర్తిస్తుంది. అప్పటిదాకా అమెరికా ఆ సిగ్నల్‌ను పౌరులకు కావాలనే మసకబార్చింది, తప్పు వంద మీటర్ల దాకా పోయేది. అందుకే ప్రతి చుక్క పక్కనా మూడు గడులు: ఎక్కడి నుంచి వచ్చింది, ఏ డేటమ్, ఎన్ని మీటర్ల అటూఇటూ. ఏడు దశాంశ స్థానాలతో ముద్దుగా కనబడే అంకె నిజంగా చుట్టూ 60 మీటర్ల మేరలో ఎక్కడో ఉందని ఆ మూడో గడే చెబుతుంది.

కొన్ని చోట్లకు అంకెలే లేవు. ‘చెరువు గట్టుకు ఉత్తరాన పాటిదిబ్బ’ (పాత ఊరి శిథిలాల దిబ్బ) అంతే. ఇవి రెవెన్యూ గ్రామం హద్దు మొత్తానికి కట్టాం, చుక్క పెట్టలేదు. పైగా పాటిదిబ్బలు నిలబడవు. పాటిమన్ను పొలానికి సత్తువ అని రైతులు బండ్లకెత్తి తోలుకుపోతారు, దిబ్బ కాస్తా పొలం అవుతుంది. స్థితి అన్న గడిలో చూసిన తేదీ తప్పనిసరి చేసింది దీనికే.

ఏడో వారం: పేర్లు, ఫాంట్లు

ఒకే ఊరు: భీమునిపట్నం, భీమిలి, పాత ఇంగ్లిషు కాగితాల్లో బిమ్లిపటం. వాల్తేరు, విశాఖ, వైజాగపటం. శంకరం, సంకరం. తొట్లకొండ, తోట్లకొండ. స్థలానికి ఒక పేరు అన్న గడి తీసేసి పేర్ల పట్టిక విడిగా పెట్టాం. ప్రతి పేరుకూ అది ఏ కాగితంలో కనబడిందో రాస్తున్నాం.

వెతుకులాటకు ప్రతి తెలుగు పేరు నుంచి ఒక దాచిన తాళంచెవి, అంటే వెతకడానికే వాడే సరళ రూపం, తయారవుతుంది. అందులో ఎ-ఏ ఒకటి, ఒ-ఓ ఒకటి, శ-ష-స ఒకటి, ఖ, ఘ లాంటి ఒత్తక్షరానికి క, గ లాంటి మామూలు అక్షరం. తాళంచెవి కలిసినవి రెండో వరసలో చూపిస్తాం. ఉన్నదున్నట్టు కలిసినవే ముందు. మొదట్లో ద-డ, త-ట కూడా కలిపి చూశాం, ఫలితాలు కుప్పతెప్పలుగా వచ్చి పడ్డాయి, తీసేశాం.

కంటికి కనబడని తేడాలు ఇంకా ఇబ్బంది. ‘పై’ అన్న అక్షరంలో ఐత్వం ఒకే సంకేతంగా రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. లోపలికి వచ్చే ప్రతి పాఠాన్నీ అలాంటి ముక్కల్ని ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చాకే నిల్వ చేయాలి. ‘రికార్డ్‌లు’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత వచ్చే కనబడని అక్షరాన్ని చూపే పాఠంలో ఉంచి, వెతికే తాళంచెవిలో తీసేస్తున్నాం.

తెలుగు నివేదికల్లో చాలావరకు పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కూర్చినవి. కాపీ చేస్తే వచ్చేది తెలుగు కాదు, చిందరవందర గుర్తులు. మార్చే పరికరాలున్నాయి, కానీ ఒత్తులు అటూఇటూ అవుతాయి. మాకు కలిసొచ్చిన దారి ఇది: అదే పేజీని ఒకసారి ఫాంటు మార్పిడితో, ఇంకోసారి బొమ్మగా చేసి టెస్సరాక్ట్‌తో, రెండు రకాలుగా తెలుగు తీయడం. రెండూ ఒకలాగే చెప్పిన మాటలు వదిలేసి, తేడా వచ్చిన మాటలే మనిషి చూడాలి. రెండూ వేరువేరు రకాలుగా తప్పుతాయి కాబట్టి ఒకే తప్పు రెండింటా రావడం అరుదు. పేజీ మొత్తం చదివే బాధ తప్పింది.

సీఎస్‌వీ ఫైళ్లను (కామాలతో విడదీసిన పట్టికలను) డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా చెత్తగా కనబడి ‘ఫైలు పాడైంది’ అనుకుంటారు. పాడవలేదు. యూటీఎఫ్-8 అని ముందు గుర్తు లేకపోవడమే కారణం. డేటా మెనూలోంచి తెరవండి, లేదా లిబర్‌ఆఫీసు వాడండి. అలా చెత్తగా కనబడుతున్నప్పుడు మాత్రం సేవ్ నొక్కకండి.

ఎనిమిదో వారం: ఎంత చూపాలి

దీని మీద అందరికన్నా ఎక్కువ వాదన జరిగింది. అన్నీ తెరిచి పెట్టాలన్నది సూత్రం. కానీ గుప్తనిధుల కోసం రాత్రిపూట స్తూపాల నడుం తవ్వేసేవాళ్లున్న చోట, కాపలా లేని దిబ్బకు కచ్చితమైన చుక్క ఇవ్వడం చేజేతులా దారి చూపించడమే.

మూడు మెట్లు పెట్టాం. రక్షిత కట్టడాలకు కచ్చితమైన చుక్క బహిరంగం, అవి ఎలాగూ అందరికీ తెలుసు. మిగిలిన స్థలాలకు అక్షాంశ రేఖాంశాలు రెండు దశాంశ స్థానాల గడికి కడతాం, అంటే మన ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా 1.1 కిలోమీటరు, తూర్పు పడమరలుగా కాస్త తక్కువ. మరీ నాజూకైన వాటికి మండలం పేరే. చుక్కను ఇష్టమొచ్చినట్టు అటూఇటూ జరిపే పద్ధతి వద్దనుకున్నాం. పేజీ తెరిచినప్పుడల్లా కొత్తగా జరిగితే వందసార్లు తెరిచి సగటు తీస్తే అసలు చోటు బయటపడుతుంది. గడికి కట్టింది ఎన్నిసార్లు చూసినా అదే.

చుక్క దాచి స్కాను వదిలేస్తే ఏం లాభం? ‘రావిచెట్టు నుంచి తూర్పుగా 300 అడుగులు’ అని నోట్‌బుక్కులోనే ఉంటుంది. ఫొటో ఫైలు లోపల జీపీఎస్ అంకెలుంటాయి. రెండో, మూడో మెట్ల స్థలాల స్కానులు అడిగినవాళ్లకే ఇస్తాం, ఫొటోల నుంచి స్థాన సమాచారం తీసేశాకే పైకి ఎక్కిస్తాం. సూచిక వరుస మాత్రం అందరికీ కనబడుతుంది: పని జరిగింది, రికార్డు ఉంది, ఫలానా రకం చోట ఉంది, అడగాల్సిన దారి ఇది.

హక్కుల సంగతి క్లుప్తంగా. సూచిక వరుసల్లోని సమాచారం ఎవరైనా వాడుకోవచ్చు. స్కానుల మీద నిర్ణయం దాచినవాళ్లది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చయిన రచనలకు మరణించాక 60 ఏళ్ల దాకా హక్కు నడుస్తుంది; అచ్చుకాని నోట్లకు ఆ 60 ఏళ్ల లెక్క మరణం నుంచి కాదు, తర్వాత అచ్చయినప్పటి నుంచే మొదలవుతుంది. అందుకే పెట్టె తీసుకునేటప్పుడే ఒక పేజీ ఒప్పందం, తెలుగులో, సంతకంతో.

తొమ్మిదో వారం: కాపీలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటినప్పుడు ఊరు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. ఒకే ఊళ్లో ఎన్ని కాపీలున్నా అవి ఒకే తుపాను నోట్లో ఉన్నట్టే. కాపీలు మూడు, రెండు రకాల మీడియాలో, ఒకటి తీరానికి దూరంగా వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ షా-256 తనిఖీ సంఖ్య (ఫైలు మారితే తానూ మారిపోయే వేలిముద్ర లాంటిది) తీసి జాబితా చేస్తున్నాం, ఆరు నెలలకోసారి మళ్లీ లెక్కించి పోలుస్తాం. డిస్కు తెరుచుకుంటే ఫైలు బాగున్నట్టు కాదు. టిఫ్‌లో ఒక్క బిట్ చెడినా మామూలుగా తెరుచుకుంటుంది, ఎక్కడో ఒక చుక్క మారిపోతుంది.

పదో వారం: దొరకలేదు

ఇప్పటికి ట్రయల్ పెట్టె మొత్తం సూచికలోకి ఎక్కింది. ముద్రిత సమీక్షల నుంచి తీసిన విడతలకు మాత్రం చాలావాటి ఎదురుగా రికార్డు కట్ట ఖాళీ. మొదట వాటిని బయటికి చూపకుండా ఉంచాం, సగం నిండిన సూచిక బాగుండదని. అది తప్పు. ఖాళీ వరుసే అందరికన్నా పనికొచ్చేది. శంకరం తీసుకోండి. అక్కడ 20వ శతాబ్ది తొలి దశకంలోనే పురావస్తు సర్వే అధికారి అలెగ్జాండర్ రీ తవ్వారు. ముద్రిత నివేదిక ఉందని ఒక వరుస, ఫీల్డు నోట్లు ఇంకా వెతకలేదని ఇంకో వరుస. ఆ రెండో వరుస లేకపోతే నివేదికే సర్వస్వమని చదివేవాళ్లు అనుకుంటారు.

అందుకని ‘లేదు’ అన్న ఒక్క మాటను నాలుగుగా విడదీశాం: వెతకలేదు; ఫలానా తేదీన ఫలానా చోట వెతికాం, దొరకలేదు; ఉందని తెలుసు, చూడనివ్వలేదు; నాశనమైందని నిర్ధారణ అయింది. వీటిలో రెండోదానికి తేదీ, చోటు రాయకపోతే ఫారం సేవ్ కాదు. లేదంటే తర్వాత వచ్చేవాళ్లు అదే బీరువా మళ్లీ వెతుకుతారు, వెతకని బీరువా అలాగే మిగిలిపోతుంది.

ట్రయల్ ట్రెంచ్ లెవెల్ పుస్తకం ప్రస్తుతం రెండో గుర్తులో ఉంది. వచ్చే వారం పని: ఆరు ట్రేసింగుల అంచుల్లో పెన్సిలుతో రాసిన చిన్న అంకెలు చదవడం. అందులో రెండు పెగ్గుల ఎత్తుల్లా కనబడుతున్నాయి. బెంచ్ మార్క్ (ఎత్తు తెలిసిన స్థిర బిందువు) ఏదో కూడా పక్కనే రాసి ఉంటే పుస్తకం దొరక్కపోయినా ఆ 0.62కు పునాది దొరుకుతుంది.